గంటకి ఇరవైతొమ్మిది డాలర్లు

"నీకు అప్పెంత ఉంది?" అని అడిగాను.

డానికా కజ్మారెక్ తలెత్తి చూసింది. రాత్రంతా నిద్రలేని కళ్ళు. "వాళ్ళూ అదే అడిగారు. చంపావా అని అడగడానికంటే ముందు అదే అడిగారు."

"నేను చంపావా అని అడగను. అప్పు సంగతి చెప్పు."

"ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందలు."

శుక్రవారం ఉదయం తొమ్మిదీ పది. టొలీడోలో కౌంటీ జైలు, ఖైదీలను లాయరు తరఫు మనుషులు కలిసే గది. బల్లకి ఇటు ఆమె లాయరు తరఫున విచారించే నేను, అటు ఆమె, పైన మూలకి కెమెరా.

ముందురోజు సాయంత్రం నాలుగూ నలభైకి గ్లెన్‌రాక్ కెరీర్ కాలేజీ ఎక్స్‌రే ల్యాబ్ తుడవడానికి వచ్చిన మనిషికి రస్సెల్ ఫెన్ శవం కనిపించింది. చదువు పూర్తయినవాళ్ళకి ఉద్యోగాలు చూపించే ఆఫీసరతను. రోగి చెయ్యి కదలకుండా అదిమిపెట్టడానికి ఎక్స్‌రే గదుల్లో బరువైన ఇసుక సంచులుంటాయి. అలాంటి సంచితో వెనకనుంచి తలమీద ఒక్కటే దెబ్బ. రాత్రి ఏడింటికి పోలీసులు ఆస్పత్రికి వెళ్ళి డ్యూటీలో ఉన్న డానికాను తీసుకొచ్చారు. ఈరోజు సాయంత్రం ఐదింటికి ప్రాసిక్యూటర్ హత్యానేరం మోపుతూ సంతకం పెట్టబోతున్నాడు. ఆ సంతకం పడితే కేసు తేలేదాకా ఆమె లోపలే. ఏడాది పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

నాకున్నది ఎనిమిది గంటలు. నాకు అంత అక్కర్లేదనిపించింది.

"నెలకి ఎంత కడుతున్నావు?"

"నాలుగువందల పదిహేడు. పదేళ్ళు."

"జీతం?"

"గంటకి ఇరవైతొమ్మిది డాలర్ల నలభై సెంట్లు. సాయంత్రం షిఫ్టు, నాలుగు నుంచి పన్నెండు. పన్నులు పోగా నెలకి మూడువేల తొమ్మిదివందలు చేతికొస్తాయి. మేడమ్, ఇదంతా ఎందుకు?"

"ఎందుకంటే సార్జెంట్ మర్కిసన్ రాసిన కాగితంలో నువ్వు అప్పుతో పిచ్చెక్కి ఫెన్‌ని చంపావని ఉంది. నాలుగువందల పదిహేడు తీసేస్తే నీకు మూడున్నరవేలు మిగులుతోంది. పిచ్చెక్కే లెక్క ఇది కాదు."

ఆమె మొదటిసారి నవ్వినట్టు పెదవి కదిపింది. "కాదు. నేను ఒడ్డునపడ్డాను. మా బ్యాచ్‌లో ఎక్స్‌రేవాళ్ళం అందరం పడ్డాం."

"మరి నిన్న రెండున్నరకి ఫెన్ గదిలో అరిచావట. గుమ్మం దగ్గర కూర్చునే అమ్మాయి విన్నది."

"మా చెల్లెలి కోసం అరిచాను. టెస్ మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరతానంటోంది. అదీ రెండేళ్ళ డిగ్రీయే, దానికీ ముప్ఫై ఆరువేల అప్పు. చేర్చుకునేవాళ్ళు మా ఫోటోలు చూపించి, మా జీతాలు చూపించి, 'హెల్త్ కోర్సు చదివినవాళ్ళకి ఇంత వస్తుంది' అంటున్నారు. మెడికల్ అసిస్టెంట్లకి వచ్చేది గంటకి పదహారున్నర, మేడమ్. గోదాములో పెట్టెలెత్తితే పద్దెనిమిదిస్తారు."

"ఫెన్ ఏమన్నాడు?"

"ఏడ్చాడు."

నేను రాయడం ఆపాను.

"నిజంగానే ఏడ్చాడు. అసలు జీతాలు తన దగ్గరున్నాయన్నాడు. ప్రభుత్వానికి పంపేది ఒకటి, అసలుది ఒకటి అన్నాడు. అసలుది బయటికొస్తే రెండేళ్ళలో కాలేజీకి ప్రభుత్వం అప్పులివ్వడం ఆపేస్తుందట. అప్పుల్లేకపోతే పిల్లలు చేరరు. పిల్లలు చేరకపోతే తలుపులు మూసుకోవడమే."

"ఆ లిస్టు నీకిచ్చాడా?"

"లేదు." కళ్ళు బల్లమీదికి దించింది.

ఆ పూట ఆమె చెప్పిన అబద్ధం అదొక్కటే. పైనున్న కెమెరా వైపు చూసి, దాన్ని అలాగే వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది.

"రెండూ యాభైకి బయటికొచ్చావు. తర్వాత?"

"కిరాణా షాపు పార్కింగులో కార్లో కూర్చున్నాను. టెస్‌కి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ. మూడున్నర దాటాక ఆస్పత్రికి వెళ్ళాను. నాలుగింటికి నాలుగు నిమిషాల ముందు గడియారం మిషన్‌లో కార్డు పెట్టాను."

"కార్లో నిన్ను ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూడలేదు. ల్యాబులో దొరికిన ఎక్స్‌రే ఫోటో మీద టైము మూడూ పన్నెండు అంటున్నారు. దానిమీద నా పేరుందంటున్నారు. నేనా గదిలో అడుగుపెట్టి తొమ్మిది నెలలైంది."

"నీ బిళ్ళలెక్కడున్నాయి?"

ఎక్స్‌రే తీసేవాళ్ళు ఎవరి సీసపు బిళ్ళలు వాళ్ళే వాడతారు. ఎర్రది కుడికి, నీలంది ఎడమకి. వాటిమీద తీసినవాళ్ళ పేరులోని మొదటి అక్షరాలుంటాయి. రోగి చేయి పక్కన బిళ్ళ పెట్టి తీస్తే ఫోటోలో ఆ అక్షరాలు తెల్లగా పడతాయి. ఆ ఫోటో ఎవరు తీశారో ఎప్పటికీ చెరిగిపోదు. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోరు. ఎనిమిదేళ్ళు నేనూ అదే పని చేశాను, ఆ తర్వాతే ఈ విచారణల పనిలోకి వచ్చాను.

"నా ఆస్పత్రి కార్డు వెనక అతికించుకున్నాను. రెండూ ఉన్నాయి. నిన్న లాక్కున్న వస్తువుల్లో కార్డు కూడా ఉంది."

"కాలేజీలో చదివేటప్పటి పాత జత?"

"అవి మా దగ్గరుండవు. ఉద్యోగం రాగానే కాలేజీకి ఇచ్చేస్తాం. డీన్ గారి గదిలో అద్దాల చెక్కలో మా ఫోటో కింద అంటిస్తారు. మిసెస్ హాల్వర్సన్ గారే అంటిస్తారు." ఆ పేరు చెప్పేటప్పుడు ఆమె గొంతు మెత్తబడింది. "మేడమ్, ఆవిడ వచ్చారా? నిన్న రాత్రి ఆవిడకే ఫోన్ చేశాను. అమ్మకి కూడా చేయలేదు."

"వస్తారులే," అని లేచాను.

* * *

పదీ యాభైకి ల్యాబ్ గుమ్మంలో ఉన్నాను. తలుపు తెరిచింది మిసెస్ హాల్వర్సన్. అరవై దగ్గరపడిన మనిషి, నీలం రంగు పని కోటు, మెడలో తాడుకి కళ్ళద్దాలు. ఎక్స్‌రే విభాగం ఆవిడే పెట్టింది, ఇరవై రెండేళ్ళుగా ఆవిడే నడుపుతోంది.

"డానికా ఎలా ఉంది? ఏమైనా తిందా?"

"తినలేదు."

"దాని సంగతి నాకు తెలుసు. భయపడితే అన్నం ముట్టదు. పరీక్షల రోజుల్లో నేనే సూప్ తెచ్చి తాగించేదాన్ని."

గది మధ్యలో బల్ల, పైన యంత్రం, బల్లమీద ప్లాస్టిక్ చెయ్యి. లోపల నిజం ఎముకల్లాంటివే ఉంటాయి, పిల్లలు దానిమీదే నేర్చుకుంటారు. నేలమీద సుద్దతో గీసిన గీత. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని, ఒళ్ళో కాగితం పరుచుకుని చేప శాండ్‌విచ్ తింటున్నాడు సార్జెంట్ డ్వైట్ మర్కిసన్.

"పదకొండు కూడా కాలేదు సార్జెంట్. అప్పుడే భోజనమా?"

"లెంట్ శుక్రవారం, ఈస్టర్ ముందు ఉపవాసాలు. మాంసం లేదు. చేపతో కడుపు నిండదు, అందుకని రెండుసార్లు తింటాను. నువ్వెందుకొచ్చావు రొవీనా? ఫోటో మీద టైముంది, పేరుంది. చదువుకో. ఇప్పుడు చదవడం వచ్చుగా నీకు."

ఆ మాట అతను పన్నెండేళ్ళుగా అంటున్నాడు. మా ఆయన పోయాక, ముప్ఫై తొమ్మిదో ఏట నేను అక్షరాలు దిద్ది, ఆ తర్వాతే ఎక్స్‌రే పని నేర్చుకున్నానని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కదా, ప్రతి అక్షరం ఆగి చూస్తాను. మీరు పరిగెత్తుతారు. జరగండి."

కుర్చీ జరిపాడు. తెరమీద ఫోటో ఉంది. కుడి చెయ్యి, ఐదు వేళ్ళూ. బొటనవేలి పక్కన తెల్లగా కుడికి గుర్తైన ఆర్, దాని కింద డి.కె., ఆ కింద సన్నగా పదిహేడు. కింద మూలన తేదీ, గురువారం. టైము మూడూ పన్నెండు.

"ఇప్పుడు మీ కథ చెప్పండి," అన్నాను.

"పొట్టి కథ. రెండూ యాభైకి ముందు తలుపు నుంచి వెళ్ళింది. వెనక తలుపు తాళం నంబరు పాత విద్యార్థులందరికీ తెలుసు. తిరిగొచ్చింది. చెయ్యి ఫోటో తీస్తూ ఉండగా ఫెన్ వచ్చాడు. మళ్ళీ మాటామాటా పెరిగింది. సంచి ఎత్తింది. కాలేజీ మొత్తం ఆ టైములో కింద హాల్లో ఉంది. మూడు నుంచి నాలుగు దాకా ఓపెన్ హౌస్, కొత్తవాళ్ళకి కాలేజీ చూపించే సభ. డీన్, మాస్టర్లు, ఈవిడ, అరవైమంది తల్లిదండ్రులు. ఫెన్ ఒక్కడే తలనొప్పని రాలేదు."

"రోజూ నలభైమంది నిజం చేతులు తీసే అమ్మాయి, డ్యూటీకి వెళ్ళబోయే గంటలో ప్లాస్టిక్ చెయ్యి తీయడానికి వచ్చిందా? మీరు సెలవురోజు బొమ్మ తుపాకీతో దొంగల్ని పట్టుకుంటారా?"

మిసెస్ హాల్వర్సన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మర్కిసన్ నవ్వలేదు.

"బిళ్ళ బల్ల కింద దొరికింది," అంటూ ప్లాస్టిక్ సంచి నా ముందు పెట్టాడు. "డి.కె. ఈ ఊళ్ళో డి.కె.లు ఎంతమంది ఎక్స్‌రే తీస్తారు?"

సంచిని వెలుతురుకి పట్టుకున్నాను. ఎర్ర బిళ్ళ. అక్షరాల కింద చిన్నగా అదే పదిహేడు.

"ఈ నంబరేమిటి?"

"తయారుచేసినవాడి నంబరేమో."

"మిసెస్ హాల్వర్సన్ గారూ, మీరు చెప్పండి."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "విద్యార్థి నంబరు. ఒకే తరగతిలో ఒకే అక్షరాలవాళ్ళు ఇద్దరుంటారని నేనే పెట్టిస్తాను. ఆస్పత్రి బిళ్ళల మీద నంబరుండదు." సంచిని తిప్పి చూసింది. "ఇది... డీన్ గారి గదిలో ఉండాల్సింది."

మర్కిసన్ నమలడం ఆపాడు.

"డానికా సొంత జత మీ జైలు బీరువాలో ఉంది, సార్జెంట్. ఎర్రదీ నీలందీ రెండూ. మీరే రసీదు రాశారు. మూడో బిళ్ళ ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకెవరికీ అనుమానం రాలేదు."

"ముందే కాజేసి దాచుకుని ఉండొచ్చు."

"ఉండొచ్చు. ఇప్పుడు టైము చూద్దాం. సీసం గోడ అవతలికి వెళ్ళండి ఇద్దరూ."

ప్లాస్టిక్ చేతిని సరిచేసి నేనూ గోడ వెనక్కి వెళ్ళాను. నేనే ఒక ఫోటో తీశాను. పన్నెండేళ్ళయినా చెయ్యి మర్చిపోలేదు. తెరమీద ఫోటో వచ్చింది. కింద మూలన టైము పదీ ఏడు.

నా చేతి గడియారం చూపించాను. పదకొండూ ఏడు.

మర్కిసన్ తన గడియారం చూసుకున్నాడు. తర్వాత ఫోన్ చూసుకున్నాడు. శాండ్‌విచ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏటా మార్చిలో తిప్పినట్టే పోయిన ఆదివారం ఊరంతా గడియారాలు గంట ముందుకి తిప్పుకున్నాం," అన్నాను. "మీ ఫోన్ తనంతట తనే తిప్పుకుంది. ఆస్పత్రి యంత్రాలూ అంతే. ఈ పాత యంత్రానికి ఇంటర్నెట్ లేదు, ఎవరో ఒకరు వచ్చి చేత్తో తిప్పాలి. ఎవరూ తిప్పలేదు. ఈ ఫోటో తీసింది మూడూ పన్నెండుకి కాదు, నాలుగూ పన్నెండుకి."

"అయ్యో," అంది మిసెస్ హాల్వర్సన్. "ఏటా నేనే తిప్పుతాను. ఈసారి మర్చేపోయాను."

"నాలుగూ పన్నెండుకి డానికా ఆస్పత్రిలో ఉంది. మూడూ యాభై ఆరుకి కార్డు పెట్టింది. ఫోన్ చేసి అడగండి, నాలుగింటికి మొదటి రోగిని తీసి ఉంటుంది. ఆ ఫోటో మీద ఆమె బిళ్ళ ఉంటుంది, నంబరు లేకుండా."

మర్కిసన్ ఫోన్ తీసి గది మూలకి వెళ్ళాడు. ఆరు నిమిషాలు మాట్లాడాడు. తిరిగొచ్చినప్పుడు అతని మెడ ఎర్రగా ఉంది.

"నాలుగూ మూడుకి ముసలాయన భుజం. నాలుగూ పదకొండుకి పాప మోచెయ్యి. రెండిటి మీదా ఆమె బిళ్ళే."

"అయితే?"

"అయితే ఏమిటి?"

"ప్రాసిక్యూటర్‌కి ఫోన్ చెయ్యండి."

"నీకు థాంక్స్ చెప్పను."

"నాకక్కర్లేదు. విడిపించండి చాలు."

* * *

మర్కిసన్ ఫోన్‌లో వాదిస్తున్నంతసేపూ నేను మిసెస్ హాల్వర్సన్‌తో మాట్లాడాను.

"మెడికల్ అసిస్టెంట్ పిల్లల జీతాల సంగతి మీకు తెలుసా?"

"ఇంకో విభాగం విషయం అది. నేను తలుపు వేసుకుని నా పాఠం చెప్పుకుంటాను. నా దగ్గర ఇరవైమంది చేరితే పంతొమ్మిదిమంది పరీక్ష గట్టెక్కుతారు. నా పిల్లలెవరూ అప్పులో మునగలేదు. ఒక్కరు కూడా."

"వాళ్ళ జీతాలు చూపించే పక్కవాళ్ళని చేర్చుకుంటున్నారు."

"అది డీన్ గారిని అడగండి. బిళ్ళల చెక్కకి తాళం ఉంది. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది." ప్లాస్టిక్ చేతిని తీసి గుడ్డతో తుడిచి అలమారలో పెట్టింది. "ఇక్కడ బోలెడంత సగం చదువు ఉంది, రొవీనా గారూ. మంచి చదువు ఒక్కటే గది. ఈ గది."

మర్కిసన్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "పదకొండూ నలభైకి వదులుతారు. ఆమె కారు ఆస్పత్రి దగ్గరే ఉండిపోయింది. ఎవరైనా వెళ్ళి ఆమెని తీసుకురావాలి. నా మనుషులు ఎవరూ ఖాళీగా లేరు."

"నేను వెళ్తాను," అంది మిసెస్ హాల్వర్సన్. అప్పటికే కోటు గుండీలు పెట్టుకుంటోంది. "పాపం, రాత్రంతా అక్కడే ఉంది. దాన్ని నేను తీసుకొస్తాను."

"వెళ్ళండి," అన్నాను. "ముందు ఏమైనా తినిపించండి."

అది నేనే అన్నాను. ఎవరూ నాచేత అనిపించలేదు.

* * *

డీన్ గ్రాంట్ ఎల్స్‌వర్త్ గది గోడ నిండా అద్దాల చెక్క. పైన పెద్ద అక్షరాల్లో ఉంది: గంటకి ఇరవైతొమ్మిది డాలర్లు. కింద ఫోటోలు, ప్రతి ఫోటో కింద ఒక ఎర్ర బిళ్ళ, ఒక నీలం బిళ్ళ. లెక్కపెట్టాను. ముప్ఫై ఒక్క ముఖాలు. అందరూ ఎక్స్‌రేవాళ్ళే. డానికా ఫోటో కింద నీలంది మాత్రమే ఉంది. ఎర్రది ఉన్నచోట జిగురు ముద్ద, దాని చుట్టూ దుమ్ము లేని గుండ్రటి మచ్చ.

"రాలిపోయి ఉంటుంది," అన్నాడు డీన్. మంచి సూటు, మంచి పళ్ళు.

"తాళం వేసిన అద్దం వెనకనుంచి రాలి, మెట్లెక్కి, ల్యాబులో శవం పక్కన పడిందా?" అన్నాడు మర్కిసన్. ఓడిపోయాక అతను మంచి పోలీసే అవుతాడు.

"మెడికల్ అసిస్టెంట్ల ఫోటోలు ఏవీ?" అన్నాను.

"స్థలం చాల్లేదు."

"పోయినేడు వాళ్ళు నూట నలభైమంది చదువు పూర్తిచేశారు. ఒక్కదానికీ చాల్లేదా? డీన్ గారూ, ఈ కుర్చీలో కూర్చున్న పిల్లకి మీరు చెప్పే లెక్క నేను చెప్పనా? ముప్ఫై ఒక్కమంది ఇరవైతొమ్మిది చొప్పున, నూట నలభైమంది పదహారున్నర చొప్పున. రెండూ కలిపి 'హెల్త్ విభాగం' అని ఒకే పేరు పెడతారు. పేరు ఒకటే, గోడమీద ఫోటోలు మాత్రం ఈ ముప్ఫై ఒకటే. పిల్ల గోడ చూసి సంతకం పెడుతుంది. నెలకి మూడువందల తొంభై కట్టడం మొదలుపెట్టిన రోజున తెలుస్తుంది తనది ఆ గోడ కాదని."

"అది ప్రచారం. నేరం కాదు."

"ప్రభుత్వానికి పంపిన లెక్క?"

నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. "నేను సంతకం పెట్టాను. తయారుచేసింది ఫెన్. నిన్న ఓపెన్ హౌస్ అయిపోయాక మాట్లాడాలన్నాడు. నాలుగింటికి రమ్మన్నాడు. నేను వెళ్ళలేదు. నాలుగూ పది దాకా తల్లిదండ్రులు నన్ను వదల్లేదు."

"నాలుగూ పన్నెండుకి ఎక్కడున్నారు?" మర్కిసన్ దగ్గరికి జరిగాడు.

"ఇక్కడే. ఒక్కణ్ణే."

"లే. పైకి నడు."

పన్నెండూ ఐదుకి ముగ్గురం మళ్ళీ ల్యాబులో ఉన్నాం. మర్కిసన్ ప్లాస్టిక్ చేతిని అలమారలోంచి తీసి బల్లమీద పడేశాడు. "దీన్ని ఫోటో తియ్యి. నిన్న తీసినట్టే."

"నాకు రాదు."

"అందరూ అదే అంటారు."

డీన్ బల్లచుట్టూ రెండుసార్లు తిరిగాడు. యంత్రానికున్న పెద్ద మీట పట్టుకుని లాగాడు, అది కదల్లేదు. ప్లాస్టిక్ చేతిని వెల్లకిలా పెట్టాడు. చేతి కింద ఉండాల్సిన ఎక్స్‌రే ఫలకాన్ని తిరగేసి, తీగలున్న వైపు పైకి పెట్టాడు. "ఏ బొత్తాం?" అని నన్నే అడిగాడు. అతని నుదుటి మీద చెమట చూస్తే అది నటన కాదని తెలుస్తోంది.

మర్కిసన్ నావైపు చూశాడు. "వీడికి టోస్టర్ కూడా చేతకాదు, రొవీనా."

నేను అప్పటికి తెరవైపు తిరిగి ఉన్నాను. నిన్నటి ఫోటో. పొద్దున టైము చూశాను, అక్షరాలు చూశాను, బిళ్ళ నంబరు చూశాను. ఫోటో చూడలేదు.

చెయ్యి సరిగ్గా మధ్యలో ఉంది. నాలుగు వైపులా అంచు ఒకే వెడల్పు. వేళ్ళ మధ్య సందులు సమానం. బిళ్ళ బొటనవేలి పక్కన నిటారుగా, ఎముకకి తగలకుండా, అంచు లోపల పడింది. ఒక్కసారే తీశారు, రెండోసారి ప్రయత్నించిన ఫోటో లేదు. కింద నేలమీద మనిషి చచ్చిపడి ఉండగా ఇలా తీశారు. కొత్తవాళ్ళకి ఇంత శుభ్రంగా రాదు. నాకూ రాదు. ఇది ఏళ్ళతరబడి పిల్లల చేతులు పట్టుకుని దిద్దించిన చెయ్యి.

ఏటా గడియారం తిప్పే చెయ్యి. ఈ గంట తేడా ఎవరికి పనికొస్తుందో తెలిసిన చెయ్యి. మూడూ పన్నెండుకి అరవైమంది తల్లిదండ్రుల ముందు ఉన్న మనిషి. డానికా షిఫ్టు నాలుగింటికని తెలిసిన మనిషి.

"డీన్ గారూ," అన్నాను, "తాళంచెవి ఎవరికైనా ఇచ్చారా?"

"బుధవారం హాల్వర్సన్‌కిచ్చాను. కొత్త పిల్లాడి బిళ్ళలు అంటించాలంది. ఇంకా తిరిగివ్వలేదు. ఎందుకు?"

"ఫెన్ అసలు లెక్క బయటపెడతాడని ఆవిడకి తెలుసా?"

"తెలుసు. మొన్న నా ముందే ఇద్దరూ పోట్లాడుకున్నారు. 'మీ దొంగలెక్కల కోసం నా గది మూతపడటానికి వీల్లేదు' అంది. నన్నే తిట్టిందనుకున్నాను."

మర్కిసన్ జైలుకి ఫోన్ కలిపాడు. జైలు గుమాస్తా గొంతు నాకూ వినిపించింది.

"కజ్మారెక్‌ని పదకొండూ నలభై రెండుకి వదిలేశాం సార్. నీలం కోటు పెద్దావిడ వచ్చారు. పిల్ల ఆవిణ్ణి వాటేసుకుని ఏడ్చింది. తెల్ల కారులో వెళ్ళారు."

డానికా నంబరుకి చేశాను. మోగింది. ఎత్తలేదు. రెండోసారి చేయబోతుంటే తెరమీద ఆమె సందేశం కనిపించింది. డీన్ బల్లచుట్టూ తిరుగుతున్నప్పుడు వచ్చినట్టుంది, నేను చూసుకోలేదు.

'మేడమ్, పొద్దున మీకు అబద్ధం చెప్పాను, క్షమించండి. పైన కెమెరా ఉందని భయపడ్డాను. ఫెన్ గారు అసలు జీతాల లిస్టు నాకిచ్చారు. నిన్న ఆస్పత్రికి వెళ్తూ దారిలో ఆగి టెస్ చేతికిచ్చేశాను. కాపీ ఇంకెక్కడా లేదు. మిసెస్ హాల్వర్సన్ గారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ భద్రంగా దాస్తానన్నారు. ఇప్పుడు టెస్ గదికే వెళ్తున్నాం. అది ఇంట్లో ఒక్కతే ఉంది. ఆవిడ నాకోసం సూప్ కూడా తెచ్చారు.'

సందేశం వచ్చి పదకొండు నిమిషాలైంది.